కళ్లజోడు ముట్టుకుంటే కథ అయిపోతుందా? మంత్రాలు తెలిసిన అమ్మాయిలతో మిస్టరీ రాసేవాళ్లకు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. విశాఖలో ఇంటర్ సెకండియర్ చదివే ముగ్గురు అమ్మాయిలు, ముగ్గురికీ తలో శక్తి. ఒక శుక్రవారం సాయంత్రం నుంచి కాలేజీ లైబ్రేరియన్ మేడం కనిపించడం లేదు. ముగ్గురిలో ఒకమ్మాయికి ఏ వస్తువైనా ముట్టుకుంటే దాని గతం తెలిసిపోతుంది. మీరు అరవై పేజీలు రాశాక మీ ఫ్రెండ్ చదివి, "మేడం కళ్లజోడు టేబుల్ మీదే ఉందిగా, అది ముట్టుకుంటే అయిపోయె" అనేసింది. పెన్ను అక్కడ ఆగింది. రెండో సందేహం, "మంత్రగత్తె" అనే మాట వాడొచ్చా అని.

ముందుగా, ఆ ఫ్రెండ్‌ను వదులుకోకండి.

జవాబు సూటిగా చెప్తాను. శక్తిని తీసేయక్కర్లేదు. ఆ శక్తికి ఏమేం తెలియవో ముందు రాసుకోండి. మంత్రం వల్ల అమ్మాయికి ఒక ఆనవాలు మాత్రమే దొరకాలి. దాని అర్థం ఆ పిల్ల తన బుర్రతో, తను పుట్టిపెరిగిన ఊరి జ్ఞానంతో తేల్చుకోవాలి. ఇక "మంత్రగత్తె" అనే మాట వాడొచ్చు, కానీ ఎవరి నోట్లో పెడుతున్నారో చూసుకుని వాడాలి.

నేను ఇరవై ఏళ్లకు పైగా పిల్లల కోసం కథలు రాస్తున్నాను, వేరేవాళ్లవి దిద్దుతున్నాను. పెదవాల్తేరులో మా డాబా మీద ఆదివారం పొద్దున ఏడెనిమిది మంది కూర్చుని రాసుకుంటారు. టీనేజీ మిస్టరీ మొదలుపెట్టినవాళ్లలో సగం మంది మీరు ఆగిన చోటే ఆగుతారు. నేనూ ఆగాను.

ఈ ఇబ్బంది ఇవాళ్టిది కాదు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు పెట్టాడు. మానవాతీత శక్తులు నిషిద్ధం అన్నది అందులో రెండోది. తమాషా ఏంటంటే ఆయన క్యాథలిక్ ఫాదర్. అద్భుతాలను నమ్మే మనిషే నేరం కథలోకి వాటిని రానివ్వనన్నాడు. ఎందుకంటే చదివేవాడు కూడా పక్కనే కూర్చుని తన లెక్క తాను వేసుకుంటూ ఉంటాడు. రెండొందల పేజీలు లెక్క వేశాక "ఆమెకు కలలో కనిపించింది" అంటే ఒళ్లు మండదూ? ఆ మంట గుర్తుంచుకుంటే చాలు, నియమాన్ని అక్షరాలా పాటించక్కర్లేదు. మంత్రాల హద్దులు నవల మొదటి పావు వంతులోనే చదివేవాళ్లకు తెలిసిపోవాలి. ఆ తర్వాత మీకు ఎంత అవసరం పడినా కొత్త శక్తి పుట్టించకూడదు. అంతే.

ఇప్పుడు మీ కళ్లజోడు దగ్గరకు వద్దాం.

మీ డ్రాఫ్టులో ఆ అమ్మాయి వస్తువు ముట్టుకోగానే సినిమాలా అంతా కనిపిస్తోంది. మనుషులు, మొహాలు, మాటలు అన్నీ. ఎందుకు కనిపించాలి? కళ్లజోడుకు కళ్లుండవు కదా. చెవులు అసలే లేవు. దానికి తెలిసేది స్పర్శ ఒక్కటే: చల్లదనం, వేడి, తడి, బరువు, ఎవరి వేలు గరుకు, ఎవరి వేలు నున్నన. కాబట్టి హద్దు ఇలా పెట్టండి: వస్తువు చూసింది ఈ అమ్మాయికి తెలియదు, వస్తువుకు తగిలింది మాత్రమే తెలుస్తుంది. ఈ ఒక్క వాక్యంతో మీ ఫ్రెండ్ ప్రశ్న సగం పోయింది.

మిగతా సగానికి సీను నేను ఎలా రాస్తానో చెప్తాను. అమ్మాయి కళ్లజోడు ముట్టుకుంటుంది. ముక్కు మీద బరువు. చాలాసేపు చల్లగా ఉంది. బరువు పోయింది. ఉన్నట్టుండి రెండు అద్దాల మీదా సన్నటి తడి. ఆ తడి ఎవరూ తుడవలేదు, దానంతట అదే ఆరింది. తర్వాత చెక్క తగిలింది. అంతే, ఇంకేమీ లేదు. అమ్మాయి ఏడుపు మొహం పెట్టి, "ఏమీ తెలీలేదే" అంటుంది. ఫ్రెండ్స్ ఇద్దరూ నిట్టూరుస్తారు. చదివేవాళ్లూ పేజీ తిప్పేస్తారు.

కానీ ఆధారం మొత్తం అక్కడే ఉంది. విశాఖలో కళ్లజోడు పెట్టుకునే ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు: ఏసీ గదిలోంచి బయట అడుగు పెట్టగానే అద్దాలు మసకబారతాయి. అద్దం చల్లగా ఉంటుంది, బయట సముద్రం మీంచి వచ్చే గాలి నిండా తేమ, ఆ తేమ అద్దం మీద నీళ్లుగా మారుతుంది. అంటే కళ్లజోడు ఏసీ గదిలోంచి వచ్చింది. మీ లైబ్రరీలో ఉన్నవి ఫ్యాన్లు. కాలేజీలో ఏసీ ఉన్న గదులు ఎన్ని? ప్రిన్సిపాల్ గది, కంప్యూటర్ ల్యాబ్. పరిశోధన రెండు తలుపుల దగ్గరకు వచ్చేసింది.

ఇంకోటి కూడా ఉంది. మొదటి చాప్టర్‌లో ఎక్కడో, వేరే సంగతి చెప్తూ, మేడం మాటిమాటికీ చీర కొంగుతో అద్దాలు తుడుచుకుంటుందని ఒక ముక్క పడేయండి. పిల్లలు ఆవిణ్ణి అనుకరించి నవ్వుకుంటున్నట్టు రాస్తే అది ఆధారమని ఎవరికీ అనిపించదు. ఇప్పుడు తడి దానంతట అదే ఆరిందంటే, ఆ సమయంలో కళ్లజోడు ఆవిడ మొహం మీద లేదు. వేరేవాళ్లెవరో మోసుకొచ్చి టేబుల్ మీద పెట్టారు, మేడం లైబ్రరీలోంచే మాయమైందని అందరూ అనుకోవాలని. ఇదంతా అమ్మాయికి నూటయాభయ్యో పేజీలో, ఏదో షోరూం మెట్లు దిగుతూ నాన్నగారు కళ్లజోడు తీసి లుంగీ అంచుతో... కాదులెండి, షోరూంకి లుంగీలో ఎవరొస్తారు, చొక్కా అంచుతో తుడుచుకుంటుంటే తట్టాలి. ఒక్క జాగ్రత్త: కథ ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో పెట్టండి. జనవరిలో గాలి పొడిగా, బయట చల్లగా ఉంటుంది కాబట్టి ఈ ఆధారం అంత నమ్మకంగా పనిచేయదు.

చూశారా, మంత్రం ఇచ్చింది "తడి" అనే ఒక్క ముక్క. మిగతాదంతా విశాఖ ఉక్కపోత ఇచ్చింది.

ఇక రెండో పెద్ద బలం మీ కథలో ఇప్పటికే ఉంది, మీరు వాడుకోలేదు. ఈ అమ్మాయిలకు తెలిసినా చెప్పుకోలేరు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లి "సార్, కళ్లజోడు తడిసిందని నా వేళ్లకు తెలిసింది" అంటే ఏమంటారు? కాబట్టి మంత్రంతో తెలిసిన ప్రతిదానికీ మామూలు సాక్ష్యం ఒకటి వెతుక్కోవాలి. కంప్యూటర్ ల్యాబ్ తాళం రిజిస్టర్, వాచ్‌మన్ టీకి వెళ్లే టైం, సీసీ కెమెరా ఎటు తిరిగి ఉంది, ఇలాంటివి. అసలు మిస్టరీ అంతా ఈ రెండో వెతుకులాటలోనే నడుస్తుంది.

మాయమైన మనిషి లైబ్రేరియన్ కావడం ఇందుకు కలిసొచ్చింది. అదే ఒక స్టూడెంట్ మాయమై ఉంటే కథ వేరుగా ఉండేది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు కనిపించకపోతే వెంటనే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. మొదటి రోజే కాలేజీ నిండా పోలీసులుంటే మీ అమ్మాయిలకు పనేముంది? పెద్దవాళ్ల విషయంలో "ఏ చుట్టాలింటికో వెళ్లుంటారులెండి" అనే మాట వినబడే అవకాశం ఎక్కువ. ఆ రెండు మూడు రోజుల ఖాళీయే మీ నవల. అన్నట్టు, మీ ముప్ఫైయో పేజీలో "ఎస్పీ గారు" వచ్చారు. విశాఖ సిటీకి పోలీస్ కమిషనర్ ఉంటారు. మార్చుకోండి.

శక్తి వాడినందుకు ఏదో ఒక నష్టం కూడా ఉండాలి. దయచేసి ముక్కులోంచి రక్తం కార్పించకండి. ప్రతి డ్రాఫ్టులోనూ ముక్కులోంచి రక్తమే, చదివీ చదివీ నాకే జలుబు చేసినట్టుంది. ఆ నష్టం ఇంటర్ చదివే పిల్లకు తగిలేదిగా ఉండాలి. కళ్లజోడు ముట్టుకున్నాక సాయంత్రం దాకా ఆ అమ్మాయి వేళ్లకు సొంత స్పర్శ పోయిందనుకోండి. మధ్యాహ్నం కెమిస్ట్రీ ల్యాబ్. టైట్రేషన్. ఎడమ చేత్తో బ్యూరెట్ నాబ్ పట్టుకుంది గానీ ఎంత తిప్పిందో వేళ్లకు తెలియదు. లేత గులాబీ రంగు దగ్గర ఆపాల్సింది, ఫ్లాస్కు మొత్తం ముదురు ఊదా రంగుకు తిరిగిపోయింది. లెక్చరర్ అందరి ముందూ ఫ్లాస్కు ఎత్తి చూపించాడు. ఆ అమ్మాయి నోరు విప్పి కారణం చెప్పలేదు. పదిహేడేళ్ల పిల్లకు ఇంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

మూడో విషయం మీకు నచ్చకపోవచ్చు. ముగ్గురికీ శక్తులు వద్దు. ఒకరికి తీసేయండి. గత ఏడాది మా డాబా బ్యాచ్‌లో ఒకమ్మాయి నలుగురు మంత్రాల పిల్లలతో కథ చదివింది. ఒకరు గాలిని ఆపగలరు, ఒకరు మనసులోది చదవగలరు, అలా. అంతా విని తొమ్మిదో తరగతి కుర్రాడొకడు, "మాస్టారూ, మరి వీళ్లలో నేనెవర్ని?" అన్నాడు. నవ్వాం గానీ వాడన్నది నిజం. శక్తి లేని అమ్మాయి కళ్లతోనే చదివేవాడు కథలోకి వస్తాడు. మిగతా ఇద్దరూ తమకు తెలిసిన ముక్కలు తెచ్చి ఈమె ముందు పడేస్తారు, వాటిని కలిపి కుట్టేది ఈమె. ఇంకా బాగుండాలంటే, ఆమె తనకూ శక్తి ఉందని ఏడాదిగా అబద్ధం చెప్తూ ఉండాలి. స్నేహం పోతుందేమోనన్న భయంతో. మాయమైన మేడం రహస్యం ఒకవైపు, ఈ పిల్ల రహస్యం ఇంకోవైపు. రెండోది బయటపడే పేజీకే నేనైతే ఎక్కువ టెన్షన్ పడతాను.

ఊరి సంగతులకొస్తే, నేను చేసిన తప్పొకటి చెప్పుకోవాలి. పదేళ్ల కిందట ఒక పిల్లల నవలిక రాశాను. అందులో మే నెలలో ఒక సాక్షి రాత్రంతా మరబోటు మీద వేటకు వెళ్లి, తెల్లారి హార్బర్‌లో దిగుతూ దొంగను చూస్తాడు. పుస్తకం వచ్చాక పెదజాలరిపేట నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. "ఏటి మాస్టారూ, మే నెల్లో ఏటకెల్లినాడా మీవోడు? ఏ సముద్రంలోకండీ?" తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఈ ఊళ్లో పుట్టి, హార్బర్ పక్కనుంచి వెయ్యిసార్లు వెళ్లిన నాకు తట్టలేదు. సిగ్గేసింది. తర్వాత అనిపించింది, అదే తప్పును దొంగ నోట్లో పెట్టి ఉంటే ఎంత మంచి ఆధారమయ్యేదో! "మే నెలంతా నేను బోటు మీద వేటలో ఉన్నాను" అని వాడు చెప్పాలి, చేపల బజార్లో పెరిగిన అమ్మాయి ఆ అబద్ధం పట్టేయాలి. మీకు పనికొస్తే తీసుకోండి, నేను ఇంకెక్కడా వాడలేదు.

అలాగే మీ డ్రాఫ్టు చివర్లో ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రంలో మునుగుతాడు. మన సముద్రం తూర్పున ఉందండీ. సూర్యుడు మునిగేది కొండల వెనక. ఏ సినిమాలోనో చూసింది చేతిలోకి వచ్చేసింది, అందరికీ జరిగేదే. చంద్రుడితో ఇంకా జాగ్రత్త, ఎందుకంటే మంత్రాల కథల్లో అమావాస్య, పౌర్ణమి తప్పవు. పౌర్ణమినాడు చంద్రుడు సూర్యాస్తమయం వేళకే సముద్రం వైపు నుంచి పైకొస్తాడు, అర్ధరాత్రికి నడినెత్తి మీద ఉంటాడు. తర్వాత రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యం. ఒక సాక్షి "పౌర్ణమి రాత్రి పదకొండింటికి బీచ్‌లో ఉన్నాను, అప్పుడే చంద్రుడు నీళ్లలోంచి లేస్తున్నాడు" అన్నాడంటే అబద్ధమైనా చెప్తున్నాడు, లేదా అయిదారు రోజుల తర్వాతి సంగతి చెప్తున్నాడు. తిథులు లెక్కపెట్టే అమ్మాయి దీన్ని పట్టుకోకపోతే ఇంకెవరు పట్టుకుంటారు?

చోటు ఎంచుకోవడంలో ఒక్క మాట. మంత్రాల సీను అనగానే భీమిలి డచ్చి సమాధుల దగ్గరకు వెళ్లిపోకండి. నా దగ్గరకొచ్చే కథల్లో ఆ సమాధులకు పాపం ఒక్క రాత్రి కూడా నిద్ర ఉండదు. పూర్ణా మార్కెట్‌లో పూజ సామాన్ల కొట్టు పెట్టండి, కర్పూరం, ఎండుకొబ్బరి వాసనల మధ్య. పాత రహస్యం కావాలంటే హుద్‌హుద్ తుపాను ఉంది. మీ అమ్మాయిలకు ఇప్పుడు పదిహేడు అనుకుంటే 2014 అక్టోబర్ 12న చిన్నపిల్లలు. ఊరంతా చెట్లు పడిపోయి, రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లు పలకక... ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియని రోజులు. మేడం దాచిన సంగతి ఆ వారానిదైతే అప్పటి కెమెరా ఫుటేజీ దొరకదు, కాల్ రికార్డుల మాట ఎవరూ ఎత్తరు. పడిపోయిన చెట్టు మానుకు మాత్రం తగిలింది గుర్తుంటుంది కదా.

ఇక "మంత్రగత్తె" మాట. దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను.

పిల్లల కథల్లో ఈ మాట వినగానే వంకర ముక్కు ముసలమ్మ గుర్తొస్తుంది. కానీ మన ఊరికి నాలుగు గంటల దూరంలో, ఏజెన్సీ పల్లెల్లో "చిల్లంగి పెట్టింది", అంటే చేతబడి చేసింది, అన్న మాటకు అర్థం వేరు. ఆ నెపంతో మనుషుల్ని కొట్టారు, ఊళ్లోంచి వెళ్లగొట్టారు, చంపిన సందర్భాలూ ఉన్నాయి. పక్కనున్న ఒడిశాలో మంత్రగత్తె ముద్ర వేసి వేధించడాన్ని నేరంగా చూస్తూ 2013లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. నేను రాసిన తొలి కథల్లో ఒకదాంట్లో పాడేరు వైపు ఆకు మందులిచ్చే ఒక ముసలమ్మను విలన్‌గా పెట్టాను. అక్కడ పనిచేసే ఒక టీచరమ్మ ఉత్తరం రాశారు: "మాస్టారూ, మీ కథ బాగుంది, కానీ మా పిల్లలకు చదివి వినిపించలేను. ఇలాంటి ముసలమ్మే మా బడి వెనకవీధిలో ఉంది." రెండే వాక్యాలు. ఆ కథను మళ్లీ ఎక్కడా అచ్చుకు ఇవ్వలేదు.

అందుకని నా పద్ధతి ఇది: అమ్మాయిలు తమను తాము ఆ మాటతో పిలుచుకోరు. ఆ మాట ఎప్పుడు వచ్చినా ఎవరో ఒకరు వాళ్ల మీద విసిరిన రాయిలా రావాలి. 1692లో అమెరికాలోని సేలంలో జరిగింది చూడండి. అక్కడ గోల మొదలైంది తొమ్మిదేళ్ల, పదకొండేళ్ల ఇద్దరు ఆడపిల్లల నుంచి. వాళ్లు మంత్రగత్తెలు కారు, వేరేవాళ్ల వైపు వేలు చూపించినవాళ్లు. ఏడాది తిరక్కుండా పంతొమ్మిది మందిని ఉరితీశారు, ఎనభై ఏళ్లు దాటిన ముసలాయన ఒకాయన్ని రాళ్ల బరువు కింద నలిపి చంపారు. మీ కాలేజీలో కూడా ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో "అది చేతబడి చేసింది, అందుకే మేడం పోయింది" అని పెడితే ఏమవుతుంది? మేడంను వెతుకుతున్న అమ్మాయిలే అనుమానితులవుతారు. అక్కడ మీ కథ నిజంగా వేడెక్కుతుంది.

మరి వాళ్లు తమ శక్తిని ఏమని పిలుచుకోవాలి? కొత్త మాట పుట్టించకండి, ఇంట్లో ఉన్న మాటే వాడండి. ముట్టుకుంటే తెలిసే అమ్మాయిది నేనైతే "హస్తవాసి" అంటాను. మంచి డాక్టర్ గురించి మనవాళ్లు అంటారు కదా, ఆయన హస్తవాసి మంచిదని. వాళ్ల అమ్మమ్మ ముత్యాలమ్మ జాతరలో ఎవరి చెయ్యో పట్టుకుని ఏదో చెప్పేసింది, అప్పట్నుంచి ఇంట్లో ఆ మాట స్థిరపడిపోయింది. అమ్మ మాత్రం "చేతివాటం" అని వెక్కిరిస్తుంది. దొంగతనం అనే అర్థం కూడా ఉంది కాబట్టి, లైబ్రరీలో పుస్తకాలు పోయిన చాప్టర్‌లో ఆ వెక్కిరింత తిరిగి తగులుతుంది.

అమ్మమ్మ మాట్లాడితే ఉత్తరాంధ్ర యాసలోనే మాట్లాడించండి, కానీ కొలతగా. "ఏటే గుంటా, సెయ్యి సల్లబడిపోనాదా?" అంటే చాలు, మనిషి కళ్ల ముందుకొస్తుంది. వాక్యం వాక్యానికీ యాస కుక్కితే మనవాళ్లకే ఎగతాళిలా వినిపిస్తుంది.

చివరగా ఒకటి, మీ ఫ్రెండ్ కూడా అడగనిది. మేడం కళ్లజోడు చత్వారం అద్దాలా, చిన్నప్పటి నుంచి పెట్టుకుంటున్న మైనస్ అద్దాలా? డ్రాఫ్టులో ఎక్కడా లేదు. చత్వారమైతే అది లేకుండా కూడా ఆవిడ నడుచుకుంటూ గేటు దాటి, బస్సు నంబరు చదివి ఎక్కేయగలదు, కాబట్టి తనంతట తానే వెళ్లిపోయి ఉండొచ్చు. మైనస్ ఆరో ఏడో అయితే మెట్టు కూడా సరిగ్గా కనపడదు, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లారు. ఆ చెయ్యి ఎవరిదో మీరు నిర్ణయించుకున్నాక ఆ రెండు పేజీలు మళ్లీ రాసి ఇక్కడే పెట్టండి, చదువుతాను.